3డి స్కాన్ చేయిస్తే గడ్డ సంగతి తేలిపోతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్తే. మా అమ్మకు 54 ఏళ్లు. నెలసరి ఆగిపోయి మూడేళ్లయింది. రెండు నెలలుగా పొత్తికడుపు బరువుగా ఉంటోందని, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోందని అంటుంటే మా ఊళ్లోనే పొట్ట మీద నుంచి స్కాన్ చేయించాం. 'ఎడమ ఓవరీలో 68 × 54 మి.మీ. కాంప్లెక్స్ సిస్ట్, లోపల సెప్టేషన్స్, గోడ దగ్గర సాలిడ్ ఏరియా, మాలిగ్నెన్సీ కాదని చెప్పలేం' అని రిపోర్టు ఇచ్చారు. ఓవరీ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే సీఏ-125 రక్తపరీక్షలో 48 వచ్చింది. హైదరాబాద్‌లో 3డి స్కాన్ చేయిస్తే క్యాన్సరో కాదో వెంటనే తేలిపోతుందని మా బాబాయి అంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారేమో సూదితో నీళ్లు తీసి టెస్టుకు పంపితే చాలు, ఆపరేషన్ దాకా ఎందుకంటున్నారు. లోపలి నుంచి చేసే స్కాన్ అంటే అమ్మ ససేమిరా ఒప్పుకోవట్లేదు. గడ్డ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. 3డి చేయించమంటారా? నాకు 29 ఏళ్లు. నేను కూడా ఏటా ఈ స్కాన్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

సమాధానం: మీ బాబాయి గారి మాటతోనే మొదలుపెడతాను. ఎందుకంటే స్కానింగ్ గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది అదే అనుకుని వస్తారు. 2డి కంటే 3డి గొప్పది, 4డి ఇంకా గొప్పది, కాబట్టి ఉన్నవాటిలో పెద్దది చేయించేస్తే ఒక పనైపోతుంది అని. టీవీల షాపులో ఆ లెక్క సరిపోతుందేమో గానీ ఇక్కడ సరిపోదు. 3డి అనగానే మనకు గుర్తొచ్చేది కడుపులో బిడ్డ మొహం. బంగారు రంగులో ముక్కూ పెదాలూ ఎంత ముచ్చటగా ఉంటాయో! ఆ బంగారు రంగు బిడ్డది కాదు, సాఫ్ట్‌వేర్ పూసింది. అదే రంగు గడ్డకు పూస్తే గడ్డ కూడా ముచ్చటగానే కనిపిస్తుంది. రెండు పేజీల నిండా మెరిసే రంగు ఫోటోలు, కింద రెండు లైన్ల రిపోర్టు పట్టుకుని వచ్చినవాళ్లను నేను చూశాను. గడ్డలో ఘన భాగం ఎంతుందో ఆ రెండు లైన్లలో లేదు.

సూటిగా చెప్పాలంటే, మీ అమ్మగారికి ముందు కావలసింది 3డి కాదు. లోపలి నుంచి, అంటే యోని మార్గంలో చేసే టీవీఎస్ స్కాన్, దాంతో పాటు రక్తం పారడాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్, అదీ ఇలాంటి గడ్డలు తరచూ చూసే డాక్టరు చేతి మీదుగా. వాళ్ల దగ్గర 3డి ప్రోబ్ (స్కాన్ చేసేటప్పుడు చేత్తో పట్టుకుని తిప్పే పరికరం) ఉండి, అవసరమనిపించి అదే సిట్టింగులో ఒకసారి చూస్తే సంతోషం. ఊరు దాటాల్సి వస్తే మాత్రం మంచి సోనాలజిస్టు, అంటే స్కాన్ చేసే డాక్టరు కోసం దాటండి. మిషన్ ఏదన్నది ఆ తర్వాతి మాట.

ఎందుకంటున్నానో మీ రిపోర్టులోనే చూపిస్తాను.

'కాంప్లెక్స్ సిస్ట్' అంటే లోపల శుభ్రమైన నీళ్లే కాక ఇంకేదో కూడా ఉందని. అంతకు మించి ఆ మాటకు అర్థం లేదు. పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్టూ కాంప్లెక్సే. కొవ్వూ వెంట్రుకలూ, ఒక్కోసారి పళ్లూ ఉండే డెర్మాయిడూ కాంప్లెక్సే. క్యాన్సరూ కాంప్లెక్సే. నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఈ మాట రాస్తే కొట్టేసి, ఏం కనిపించిందో అది రాయమంటాను. 'సెప్టేషన్స్' అంటే తెరలు. దానిమ్మకాయ ఒలిస్తే గింజల గుంపుల మధ్య తెల్లటి పల్చని పొరలుంటాయి చూడండి, అలాంటివి. పల్చగా, నున్నగా ఉంటే వాటితో పెద్ద పేచీ లేదు. ఇక 'గోడ దగ్గర సాలిడ్ ఏరియా'. కథంతా దీని మీదే నడుస్తోంది. ఎంత సైజు? రాయలేదు. అందులో రక్తం పారుతోందా? రాయలేదు. అంచు నున్నగా ఉందా, గరుకుగా ఉందా? అదీ లేదు.

ఈ ఒక్క మాట ఎంత బరువైనదో లెక్క వేసి చూడండి. గడ్డ క్యాన్సరయ్యే ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి ఆర్‌ఎంఐ అని 1990 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. గైనకాలజిస్టులు కాగితం మీద చేత్తో వేసేస్తారు. మూడు అంకెల్ని గుణించడమే. మొదటిది సీఏ-125. రెండోది నెలసరి ఆగినవాళ్లకు 3, ఆగనివాళ్లకు 1. మూడోది స్కాన్ అంకె. గడ్డ గదులు గదులుగా ఉండటం, ఘన భాగం ఉండటం, రెండు వైపులా గడ్డలుండటం, కడుపులో నీరు చేరడం, వేరే చోటికి పాకిన గుర్తులు కనపడటం: ఈ ఐదింటిలో ఏదైనా ఒక్కటి ఉంటే 1, రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3. ఏదీ లేకపోతే సున్నా. మీ అమ్మగారికి తెరలున్నాయి, ఘన భాగమూ ఉందన్నారు కాబట్టి 3. గుణిస్తే 48 × 3 × 3 = 432. గీత 200 దగ్గర, కొన్ని చోట్ల 250 దగ్గర. అది దాటితే క్యాన్సర్ ఆపరేషన్లు చేసే గైనకాలజిస్టు చూడాలి.

ఇప్పుడు ఆ 'సాలిడ్ ఏరియా' నిజంగా సాలిడ్ కాదనుకోండి. గోడకు అంటుకున్న గడ్డకట్టిన రక్తమో, అడుగున పేరుకున్న చిక్కటి మడ్డో అనుకోండి. అప్పుడు లెక్కలో తెరలొక్కటే మిగులుతాయి. 48 × 3 × 1 = 144. గీత కిందికి వచ్చేశారు! సీఏ-125 అదే, వయసు అదే, కడుపులో ఉన్న గడ్డా అదే. పొట్ట మీద నుంచి తీసిన మసక బొమ్మలో ఒక మచ్చకు ఏ పేరు పెట్టారన్నదే తేడా.

ఆ మచ్చేంటో తేల్చాలంటే లోపలి నుంచి ప్రోబ్ పెట్టి, గడ్డను మెల్లగా కదిపి చూస్తారు. మడ్డయితే పాలగిన్నె కదిపినప్పుడు మీగడ కదిలినట్టు కదులుతుంది. నిజమైన కణజాలమైతే గోడను వదలదు. తర్వాత కలర్ డాప్లర్ ఆన్ చేస్తారు. గడ్డకట్టిన రక్తంలో రక్తనాళాలు ఉండవు కాబట్టి రంగు రాదు. ప్రాణమున్న కణజాలమైతే ఎరుపూ నీలం చుక్కలు వెలుగుతాయి. అసలు లేకపోతే 1, కొద్దిగా ఉంటే 2, ఓ మోస్తరుగా ఉంటే 3, దీపావళి టపాసులా వెలిగిపోతుంటే 4 అని స్కోరు వేస్తారు. ఎత్తు కూడా కొలుస్తారు. గోడ మీద లేచినది 3 మి.మీ. కూడా లేకపోతే దాన్ని మొలకగా లెక్కించరు, గోడ గరుకుగా ఉందని రాసి ఊరుకుంటారు.

ఈ మధ్య చాలా సెంటర్లు రిపోర్టు చివర 'ఓ-రాడ్స్' అని ఒక అంకె వేస్తున్నాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ల పద్ధతి ఇది, అల్ట్రాసౌండ్‌కు 2020లో వచ్చింది. 2 అంటే క్యాన్సరయ్యే అవకాశం 1 శాతం లోపు. 3 అంటే 1 నుంచి 10 లోపు. 4 అంటే 10 నుంచి 50 లోపు. 5 అంటే 50, ఆపైన. మీ అమ్మగారి గడ్డ 10 సెం.మీ. లోపే ఉంది. ఘన భాగం లేదని తేలి, తెరలు నున్నగా ఉండి, రంగు మరీ ఎక్కువ లేకపోతే అది 3లో పడుతుంది. ఘన భాగం ఉండి రంగు స్కోరు 1 గానీ 2 గానీ అయితే 4. రంగు 3 గానీ 4 గానీ అయితే 5. ఎటు తిరిగినా ఆ మచ్చ దగ్గరికే వస్తున్నాం.

మరి 3డి ఆ మచ్చను ఇంకా బాగా చూపించదా అంటారు. కొంతవరకు చూపిస్తుంది. అదెలా పనిచేస్తుందో చెప్తాను, మీరే తేల్చుకోవచ్చు.

మామూలు స్కాన్‌లో తెర మీద కనిపించేది ఒక పల్చటి కోత. సొరకాయను కోసి ఒక్క చక్రాన్ని చూసినట్టన్నమాట. డాక్టరు చెయ్యి తిప్పుతూ ఒక్కో చక్రం చూసుకుంటూ పోయి, సొరకాయ మొత్తాన్ని మనసులో పేర్చుకుంటారు. చాలా 3డి ప్రోబుల్లో ఆ తిప్పే పని లోపలున్న చిన్న మోటారు చేస్తుంది. కొన్ని సెకన్లలో చక్రాలన్నీ వరసగా తీసేస్తుంది, కంప్యూటర్ వాటిని మళ్లీ సొరకాయలా పేరుస్తుంది. అలా పేర్చాక నిలువుగా కోసి చూడొచ్చు, ఏటవాలుగా కోసి చూడొచ్చు. ప్రోబును ఎంత తిప్పినా దొరకని కోణం కూడా దొరుకుతుంది. తిత్తి లోపలి గోడ మీద మొలకల్లాంటివి ఉంటే, మూత తీసి గిన్నెలోకి తొంగిచూసినట్టు చూడొచ్చు.

అయితే పేర్చింది ఆ చక్రాల్నే కదా. మొదటి బొమ్మ మసకగా ఉంటే పేర్చినదీ మసకే. కొత్త కోణంలో కోసిన బొమ్మ అసలు బొమ్మంత పదునుగా ఎప్పుడూ ఉండదు. చక్రాలు తీస్తున్న ఆ కొన్ని సెకన్లలో ఆమె దగ్గినా, పక్కన పేగు కదిలినా బొమ్మ మెలికలు పడుతుంది. డెర్మాయిడ్‌లో ఉండే వెంట్రుకలూ పళ్లూ నీడ వేస్తే, ఆ నీడ చాటున ఏముందో 3డికీ కనపడదు. కొబ్బరికాయంత గడ్డలైతే ఒక్క ఊపులో ఫ్రేములోకి పట్టనే పట్టవు.

ఒక చోట మాత్రం నేను 3డికి దండం పెడతాను. ఓవరీ పక్కనుండే ట్యూబు మూసుకుపోయి నీళ్లతో ఉబ్బితే, హైడ్రోసాల్పింక్స్ అంటాం, ఒక్క కోతలో చూసినప్పుడు అది అచ్చం గదులున్న ఓవరీ గడ్డలాగే ఉంటుంది. ట్యూబు మడత పడిన చోటల్లా ఒక తెర ఉన్నట్టు కనిపిస్తుంది. 3డిలో నీళ్లున్న భాగాన్నే గట్టి బొమ్మగా మార్చి చూసే పద్ధతి ఒకటుంది. అలా చూస్తే అది మెలికలు తిరిగిన ఒకే ఒక పొడవాటి సంచి అని ఇట్టే తెలిసిపోతుంది. పుట్టుకతో గర్భసంచిలో గోడ ఉందా, కాపర్-టి పక్కకు జరిగిందా అని చూడ్డానికి కూడా 3డి బాగా పనికొస్తుంది. ఇంకో లాభం, మొత్తం గడ్డ కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది కాబట్టి, ఎక్కడో ఉన్న నిపుణులకు పంపితే వాళ్లు తమ దగ్గరే తిప్పి తిప్పి చూసి అభిప్రాయం చెప్పగలరు. మీ అమ్మగారు మళ్లీ బస్సెక్కక్కర్లేదు. జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఇదే అసలు లాభమని నా అభిప్రాయం. కానీ దీన్ని వాడుకునే సెంటర్లు తక్కువ.

3డి పవర్ డాప్లర్ మీద ఒకప్పుడు చాలా ఆశలుండేవి. గడ్డలో రక్తనాళాలు ఎంత మేర ఉన్నాయో కంప్యూటరే లెక్కగట్టి అంకెలు ఇచ్చేస్తుంది, ఇక డాక్టరు కంటితో అంచనా వేసే పనే ఉండదు అనుకున్నారు. చిక్కేమిటంటే మిషన్ సెట్టింగులు కొంచెం మార్చినా, గడ్డ కొంచెం లోతుగా ఉన్నా ఆ అంకెలు మారిపోతాయి. స్వీడన్‌లోని మాల్మో డాక్టర్లు 2007లో తమ పరిశోధన ఫలితాలు ప్రకటిస్తూ, రంగు ఎంతుందో కంటితో చూసి వేసే స్కోరు కంటే ఈ అంకెలు అదనంగా చెప్పేది పెద్దగా లేదన్నారు. అంటే ఆ 1, 2, 3, 4 స్కోరే నిలబడింది.

ఈ గడ్డల మీద అందరికంటే ఎక్కువ పనిచేసింది ఐయోటా అనే బృందం. బెల్జియంలోని లూవెన్ కేంద్రంగా 1999లో మొదలైంది. వాళ్లు 2014లో ఆడ్‌నెక్స్ అనే లెక్క తయారుచేశారు. తొమ్మిది సంగతులు ఇస్తే ఈ గడ్డ క్యాన్సరయ్యే అవకాశం ఇంత శాతం అని చెప్తుంది. వయసు, సీఏ-125, చూపించుకుంటున్నది క్యాన్సర్ కేంద్రమా కాదా, గడ్డ సైజు, ఘన భాగం సైజు, గదులు పదికి మించాయా, మొలకలు ఎన్ని, నీడ పడుతోందా, కడుపులో నీరుందా. తొమ్మిదీ చదివారుగా, ఒక్కదానికైనా 3డి కావాలా? మామూలు మిషన్ మీద, ఓపిగ్గా పది నిమిషాలు చూస్తే అన్నీ దొరుకుతాయి. ఆ ఓపికే మన దగ్గర కరువు. బయట నలభై మంది క్యూలో ఉంటే ఏ డాక్టరుకైనా పది నిమిషాలు కష్టమే, వాళ్లనూ పూర్తిగా తప్పు పట్టలేను.

ఒక పాత సంగతి గుర్తొస్తోంది. స్కాట్లాండ్‌లో పనిచేసిన డాక్టరు ఇయాన్ డొనాల్డ్, తన తోటివాళ్లతో కలిసి పొట్టలో గడ్డల్ని అల్ట్రాసౌండ్‌తో చూడటం గురించి 1958లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. వైద్యంలో ఈ పరీక్ష స్థిరపడటానికి అదే మొదటి మెట్టు. గ్లాస్గోలో వాళ్లు చూసినవాళ్లలో ఒకామె పొట్ట ఉబ్బిపోయి ఉంది. కడుపు క్యాన్సర్ ముదిరింది, ఆపరేషన్‌కు కూడా లాభం లేదని అప్పటికే తేల్చేశారు. స్కాన్‌లో చూస్తే లోపలున్నది పెద్ద నీటి తిత్తి. ఓవరీది. తీసేశారు, ఆమె కోలుకుంది. ఆ రోజుల్లో బొమ్మ ఎలా ఉండేదనుకున్నారు? నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు, గీతలు. ఇవాళ మీ జిల్లాలో అతి పాత మిషన్ కూడా దానికంటే వెయ్యి రెట్లు మేలు.

ఇక టీవీఎస్. మీ అమ్మగారి బిడియం నాకు తెలుసు, ఆ తరం వాళ్లలో చాలామందిది అదే మాట. పొట్ట మీద నుంచి చూసేటప్పుడు చర్మం, కొవ్వు, పేగుల్లో గాలి అన్నీ దాటుకుని పోవాలి. లోపలి నుంచైతే ఓవరీ దాదాపు పక్కనే ఉంటుంది. అద్దం తుడిచి చూసినంత తేడా. ఆమెకు ఈ వివరాలు చెప్పండి: బొటనవేలు కంటే కాస్త లావున్న ప్రోబ్, దానికి కొత్త కండోమ్ తొడుగు, పైన జెల్. మూత్రానికి వెళ్లొచ్చి పడుకోవాలి, పొట్ట స్కాన్‌లో లాగా బాటిళ్లకొద్దీ నీళ్లు తాగి ఉగ్గబట్టుకోనక్కర్లేదు. నడుం కింద దుప్పటి కప్పే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు. నెలసరి ఆగినవాళ్లకు లోపల పొడిబారి కాస్త నొప్పిగా ఉండొచ్చు, అప్పుడు ఆపమంటే ఆపుతారు. లేడీ డాక్టరు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, మీరు పక్కనే ఉంటానని కూడా అడగండి. నేనైతే కూతుర్ని లోపలికే రమ్మంటాను, తల్లులు సగం కుదుటపడేది దాంతోనే. గడ్డ కొంచెం పైకి ఉన్నా, కడుపులో నీరుందేమో చూడాలన్నా టీవీఎస్‌తో పాటు పొట్ట మీద నుంచీ ఒకసారి చూస్తారు. రెండూ చేస్తున్నారంటే డబ్బుల కోసం అనుకోవద్దు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టు, ఫిల్ములు, సీఏ-125 కాగితం తీసుకెళ్లండి. ఘన భాగం ఎన్ని మి.మీ., రంగు స్కోరు ఎంత, కడుపులో నీరుందా, ఓ-రాడ్స్ ఎంత అని రిపోర్టులో రాయమని మొహమాటం లేకుండా అడగండి. ఇవి రాస్తే రెండో డాక్టరు మళ్లీ మొదటి నుంచి చూడక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే తర్వాతి మెట్టు 3డి కాదు, కాంట్రాస్ట్ ఇచ్చి చేసే ఎంఆర్‌ఐ. సీటీ స్కాన్ పని వేరు, జబ్బు ఉందని గట్టి అనుమానం వచ్చాక ఎక్కడెక్కడికి పాకిందో చూడ్డానికి.

సీఏ-125 గురించి రెండు ముక్కలు. 35 వరకు మామూలు అంటారు. మీ అమ్మగారిది 48, అంటే కొంచెం పైన. పిల్లలు పుట్టే వయసులో ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, ఆఖరికి నెలసరి రోజుల్లో కూడా ఇది పెరుగుతుంది. మన దేశంలో కడుపులో టీబీ వచ్చినా పెరుగుతుంది, కొన్నిసార్లు వందల్లోకి వెళ్లి, కడుపులో నీరు కూడా చేరి, అచ్చం ఓవరీ క్యాన్సర్‌లా భయపెడుతుంది. మరోవైపు తొలిదశలో ఉన్న క్యాన్సర్లలో చాలావాటికి ఇది పెరగనే పెరగదు. నెలసరి ఆగిన తర్వాత కొంచెం పెరిగినా లెక్కలోకి తీసుకుంటాం, కానీ ఈ ఒక్క అంకె చూసి ఏడవొద్దు, సంబరపడొద్దు.

సూది మాట మాత్రం అక్కడే ఆపండి. ఆర్‌ఎంపీ గారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ అది చేయకూడని పని. గడ్డలో క్యాన్సర్ ఉండి, అది తిత్తి గోడ దాటకుండా ఒక్క ఓవరీలోనే ఉంటే 1ఏ దశ. చాలామందికి పూర్తిగా నయమయ్యే దశ అది. తిత్తి పగిలి ఆ నీళ్లు కడుపులో పడితే అదే 1సీ అయిపోతుంది, ఆపరేషన్‌తో పోయే దానికి కీమో దాకా వెళ్లాల్సి రావొచ్చు. పోనీ తీసిన నీళ్లలో జబ్బు కచ్చితంగా బయటపడుతుందా అంటే అదీ లేదు. కణాలు గోడ మీద మొలకలో ఉంటాయి, నీళ్లలోకి రాలకపోవచ్చు. 'ఏమీ లేదు' అని కాగితం వస్తుంది, మీరు ఆరు నెలలు నిశ్చింతగా కూర్చుంటారు. సూదితో తీయించుకుని, తిత్తి మళ్లీ నిండాక నా దగ్గరికి వచ్చిన ఒకామె నాకింకా గుర్తుంది. జబ్బు అప్పటికే కడుపంతా పాకినవాళ్లకు, కీమో మొదలుపెట్టే ముందు సూదితో ముక్క తీస్తారు. అది వేరే సందర్భం, ఆ రెండూ కలిపేసుకోవద్దు.

ఎంత తొందరగా అంటే, రాత్రికి రాత్రి అంబులెన్స్ ఎక్కాల్సిన పని లేదు, దసరా అయ్యాక చూద్దాంలే అనుకునే పనీ కాదు. రెండు వారాల్లోపు టీవీఎస్ అయిపోయి, గైనిక్ ఆంకాలజిస్టు (ఇందాక చెప్పిన క్యాన్సర్ ఆపరేషన్లు చేసే గైనకాలజిస్టు) ముందు కూర్చుని ఉండాలి. 54 ఏళ్ల మనిషికి కొత్తగా మొదలైన కడుపు ఉబ్బరం, రెండు నెలలుగా ఆగకుండా ఉంటే గ్యాస్ అని కొట్టిపారేయకూడదు. మన ఇళ్లల్లో అమ్మలందరికీ మొదట గ్యాస్ మాత్రే ఇస్తాం. మీరు స్కాన్ దాకా తీసుకెళ్లారు, అది మంచి పని. మీకు దగ్గర్లో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకుని ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో అడగండి. ఇది చదివే ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

ఆపరేషన్ అవసరమంటే రెండు మాటలు అడగండి. తిత్తిని పగలకుండా మొత్తంగా తీస్తారా? తీసిన వెంటనే, ఆమె టేబుల్ మీద ఉండగానే ముక్క పరీక్ష చేసే ఫ్రోజెన్ సెక్షన్ సౌకర్యం అక్కడ ఉందా? ఎందుకంటే గర్భసంచి, రెండో ఓవరీ, చుట్టూ ఉన్న కొవ్వు పొర తీయాలా వద్దా అన్నది ఆ ముక్క మీదే తేలుతుంది. ఆ సౌకర్యం లేని చోట చిన్న కోతతో గడ్డ తీసి పంపించేస్తే, వారం తర్వాత బయాప్సీ రిపోర్టు చేదుగా వచ్చిందంటే మళ్లీ పొట్ట తెరవాలి.

ఇంకోవైపు కొత్త స్కాన్‌లో అంతా అమాయకంగా కనిపించి, డాక్టరు 'మూడు నెలలాగి మళ్లీ చూద్దాం' అన్నారనుకోండి. పట్టించుకోవట్లేదని గొడవపడొద్దు. ఐయోటా వాళ్లే 2019లో లెక్క చూపించారు. స్కాన్‌లో మంచివిగా కనిపించిన గడ్డల్ని ఆపరేషన్ లేకుండా రెండేళ్లు గమనిస్తే, ఐదింటిలో ఒకటి దానంతటదే పోయింది. క్యాన్సరని తేలినవి వెయ్యికి నాలుగు.

మీ సంగతి. ఏ ఇబ్బందీ లేని 29 ఏళ్ల అమ్మాయికి ఏటా ఓవరీ స్కాన్ అక్కర్లేదు, 2డి అయినా 3డి అయినా. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా, 50 దాటిన ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. ఏటా సీఏ-125 చేసినా, ఏటా స్కాన్ చేసినా ఓవరీ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. మీ వయసులో స్కాన్ చేస్తే ప్రతి నెలా వచ్చిపోయే నీటిబుడగ ఏదో ఒకటి కనిపిస్తుంది, దాని మీద టెన్షన్ మొదలవుతుంది. అయితే మీ అమ్మగారి బయాప్సీలో క్యాన్సరని తేలితే మాట మారుతుంది. అప్పుడు ఆమెకు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (క్యాన్సర్ ముప్పు వంశంలో దిగుతోందేమో చూసేది) చేయించమని డాక్టరును అడగండి. ముందు ఆమెకు, ఆమెలో లోపం దొరికితే మీకు.

చివరిగా, అమ్మకు చెప్పలేదన్నారు. చెప్పండి. టీవీఎస్‌కు ఒప్పుకోవాల్సింది ఆమె, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆమే. ఎందుకు చేస్తున్నారో తెలియని పరీక్షకు ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? పైగా క్యాన్సర్ ఆస్పత్రి గేటు మీద బోర్డు చదివి తెలుసుకోవడం కంటే మీ నోటితో వినడం నయం. 'ఓవరీలో బత్తాయికాయంత నీటి గడ్డ ఉందమ్మా, అందులో ఒక చిన్న మచ్చ ఏంటో తేలాలి, దానికే ఈ స్కాన్' అంటే చాలు. అంతకు మించి ఇవాళ మనకూ తెలియదు. కొత్త రిపోర్టు వచ్చాక ఆ మచ్చ సైజు, రంగు స్కోరు నాకు రాయండి.